సమాకలనం ప్రోగ్రాం: రూల్స్ పెంచుకుంటూ పోవాలా, రిష్ పద్ధతి మొదలుపెట్టాలా?

కాకినాడ_కుర్రాడు
ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆరు నెలల నుంచి పైథాన్‌లో సొంతంగా ఒక చిన్న ఆల్జీబ్రా ప్రోగ్రాం రాస్తున్నాను. కూడికలు, గుణకారాలు, సూక్ష్మీకరణ వచ్చేశాయి. డిఫరెన్షియేషన్ అయితే ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఇంటిగ్రేషన్ దగ్గరే చిక్కుకుపోయాను. ఇంటర్‌లో చదువుకున్న సూత్రాలన్నీ ఒక్కొక్కటే రూల్‌గా పెట్టుకుంటూ వచ్చాను, ఇప్పటికి 212 అయ్యాయి. కొత్తది ఒకటి పెడితే పాతవి రెండు పాడవుతున్నాయి. నిన్న రాత్రి ఈ-పవర్-ఎక్స్ ఇంటూ సైన్ ఎక్స్ ఇచ్చి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే మెమరీ నిండిపోయి లాప్‌టాప్ బిగుసుకుపోయి ఉంది. ఈ-పవర్-ఎక్స్-స్క్వేర్ ఇచ్చినా అంతే.

ఇంకా రూల్స్ చేర్చుకుంటూ పోవాలా? జవాబు ఉందో లేదో తేల్చి చెప్పే రిష్ అల్గారిథమ్ రాయమని ఒక సీనియర్ అన్నాడు. ఆ పేపర్ తెరిస్తే మొదటి పేజీ దాటలేకపోయాను. రాసినవాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి. ఫోన్‌లో టైప్ చేస్తున్నా కాబట్టి సూత్రాలు మాటల్లోనే రాశాను.

తెనాలి_మాస్టారు
నువ్వు చెప్పిన రెండూ ఒకే జబ్బు కాదు నాయనా. మొదటిదానికి జవాబు ఉంది, నీ ప్రోగ్రాం దాన్ని దాటుకుని వెళ్లిపోతోంది. రెండోదానికి జవాబే లేదు.

ఈ-పవర్-ఎక్స్ సైన్ ఎక్స్‌ను విభాగ సమాకలనం రెండుసార్లు చేస్తే మళ్లీ అదే సమాకలని తిరిగొస్తుంది. బోర్డు మీద అయితే దాన్ని ‘ఐ’ అనుకుని, ఇటు తెచ్చి, రెండుతో భాగిస్తాం. నీ ప్రోగ్రాంకి ఆ ‘ఐ అనుకోవడం’ తెలియదు. దాటి వచ్చిన సమాకలనులన్నీ ఒక పట్టికలో రాసుకోమను. పాతది మళ్లీ కనబడితే సమీకరణం సాధించమను. ఇరవై లైన్ల పని.

ఓరుగల్లు_సాంబ
మాస్టారూ, మీరు ‘ఐ అనుకుందాం’ అనగానే మా ఇంటర్ క్లాసులో సుద్దముక్క చప్పుడు వినబడింది.

కాకినాడ_కుర్రాడు
మాస్టారూ, పట్టిక పెట్టాను. పనిచేసింది! మూడు సెకన్లు. రెండోదానికి జవాబే లేదంటే ఎలా? గీత కింద వైశాల్యం ఉంది కదా.

తెనాలి_మాస్టారు
వైశాల్యం ఉంది. ఆ ప్రమేయం కూడా ఉంది. బహుపదులు, మూలాలు, ఘాత ప్రమేయాలు, లాగ్‌లు, సైన్‌లు, కొసైన్‌లు ఎన్ని కలిపి వండినా దాన్ని రాయలేం, అంతే తేడా. లియోవిల్ 1830లలోనే ఇది తేల్చాడు. వివరంగా రాత్రికి రాస్తాను.

లిస్ప్_లక్ష్మి
తమ్ముడూ, నువ్వు ఆరు నెలల్లో నడిచిన దారిలోనే ఈ రంగం మొత్తం నడిచింది. 1961లో ఎంఐటీలో జేమ్స్ స్లాగిల్ అనే విద్యార్థి కృత్రిమ మేధ పరిశోధకుడు మార్విన్ మిన్‌స్కీ దగ్గర థీసిస్‌గా ‘సెయింట్’ అనే ప్రోగ్రాం రాశాడు, లిస్ప్ భాషలో. స్లాగిల్‌కు చూపు లేదు. సెయింట్ అచ్చం నీలాగే చేసేది: తెలిసిన రూపాలు చూసుకోవడం, కుదరకపోతే ఉపాయాలు ప్రయత్నించడం, ఏ కొమ్మ తేలిగ్గా ఉందో ఆ కొమ్మ పట్టుకోవడం. 86 లెక్కలిస్తే 84 చేసింది. ఎక్కువ భాగం అక్కడి మొదటి సంవత్సరం పరీక్షల్లోవే.

తర్వాత 1967లో అక్కడే జోయెల్ మోజెస్ ‘సిన్’ రాశాడు. ఆయన పట్టు వేరు: వెతుకులాట తగ్గించు, లెక్కను చూసి ఏ జాతిదో గుర్తుపట్టు. మొదటి మెట్టు మరీ చిన్నది. లోపలి ప్రమేయం డెరివేటివ్ పక్కనే గుణకంగా కూర్చుందా అని చూడటం. ఆశ్చర్యం ఏమిటంటే మామూలు లెక్కల్లో చాలావరకు ఆ ఒక్క మెట్టులోనే తెగిపోతాయి. మోజెస్ పని మాక్‌సిమా (Macsyma) అనే ఆల్జీబ్రా ప్యాకేజీలోకి వెళ్లింది, ఇప్పటి మాక్సిమా (Maxima)కి మూలం అదే. ఈ రెండు పేర్లు తెలుగులో రాస్తే ఒకేలా ఉంటాయి! పాతది ఎంఐటీది, కొత్తది దాని నుంచి వచ్చి ఇప్పుడు ఉచితంగా దొరికేది.

నీ 212లో ఆ మొదటి మెట్టు ఉందా?

కాకినాడ_కుర్రాడు
ఉంది అక్కా, కానీ 140వ రూల్ దగ్గర ఉంది. ముందుకు తెస్తాను.

డల్లాస్_పద్మ
ముందుకు తెచ్చాక రూల్స్ రాయడం ఆపెయ్. నేను ఓపెన్ సోర్స్ ఆల్జీబ్రా ప్రాజెక్టుల్లో కొన్నేళ్లుగా ప్యాచ్‌లు పంపుతున్నాను, అనుభవంతో చెప్తున్నా. ముందు అకరణీయ ప్రమేయాలు పూర్తిచెయ్. అంటే బహుపది బై బహుపది. అక్కడ ఉపాయాలు అక్కర్లేదు, ప్రతి లెక్కకూ జవాబు వచ్చి తీరుతుంది. రిష్ పద్ధతి అంతా ఆ పునాది మీదే లేస్తుంది. పునాది లేకుండా రిష్ పేపర్ చదివితే మొదటి పేజీలోనే ఆగుతావు, అది నీ తప్పు కాదు.

కాకినాడ_కుర్రాడు
అది అయిపోయింది అక్కా. పాక్షిక భిన్నాలు చేస్తున్నా. హారాన్ని కారణాంకాలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు లాగ్ లేదా టాన్ ఇన్వర్స్.

డల్లాస్_పద్మ
సరే, హారం ఎక్స్ పవర్ 5 మైనస్ ఎక్స్ మైనస్ 1 ఇచ్చి, లవం 1 పెట్టి చూడు.

కాకినాడ_కుర్రాడు
...కారణాంకాలు రావడం లేదు. మూలాలకు సూత్రం లేదంటోంది.

డల్లాస్_పద్మ
లేదు. ఆ ఐదో ఘాత సమీకరణానికి మూలాలను వర్గమూలాలు, ఘనమూలాల లాంటివాటితో రాయలేం. అదే అసలు విషయం: ఇంటిగ్రేషన్‌కి మూలాలు అక్కర్లేదు. మనకు కోచింగ్‌లో ‘ముందు కారణాంకాలు’ అని అలవాటు చేశారు కాబట్టి అదే దారి అనుకుంటాం.

రెండు మెట్లున్నాయి. మొదటిది హెర్మైట్ 1872లో చెప్పింది. హారంలో ఒకే ముక్క రెండు, మూడుసార్లు గుణించి ఉంటే, విభాగ సమాకలనంతో ఆ ఘాతాన్ని ఒక్కొక్కటి దించుతూ పోతావు. 1 బై (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1) హోల్ స్క్వేర్ తీసుకో. ఎక్స్ బై రెండింతల (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1) బయటికి వస్తుంది, లోపల సగం ఇంటూ 1 బై (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1) మిగులుతుంది. పదేపదే వచ్చే ముక్క ఏదో తెలుసుకోవడానికి మూలాలు వద్దు. హారానికీ దాని డెరివేటివ్‌కీ గ.సా.భా. తీస్తే చాలు.

రెండో మెట్టు మిగిలినదానికి. అక్కడ జవాబు అంతా లాగ్‌లే. ఏ లాగ్ ముందు ఏ స్థిరాంకం వస్తుంది అన్నదే ప్రశ్న. 1976 ప్రాంతంలో రోత్‌స్టైన్, ట్రేగర్ విడివిడిగా కనుక్కున్నారు. 1 బై (ఎక్స్ క్యూబ్ ప్లస్ ఎక్స్) తీసుకుని కాగితం మీద చెయ్. లవం 1. హారం డెరివేటివ్ 3 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1. లవంలోంచి ‘టీ’ రెట్లు ఆ డెరివేటివ్ తీసెయ్: 1 మైనస్ టీ ఇంటూ (3 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1). దీనికీ హారానికీ ఉమ్మడి కారణాంకం ఏ ‘టీ’ దగ్గర వస్తుందో రిజల్టెంట్‌తో (ఉమ్మడి కారణాంకం ఉంటే సున్నా అయ్యే రాశి అది) కనుక్కో. రెండే విలువలు వస్తాయి: 1, మైనస్ సగం. టీ 1 పెడితే గ.సా.భా. ఎక్స్. టీ మైనస్ సగం పెడితే గ.సా.భా. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1. జవాబు: లాగ్ ఎక్స్ మైనస్ సగం లాగ్ (ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1). హారానికి సంకీర్ణ మూలాలున్నా దారిలో ఎక్కడా వాటిని ముట్టుకోలేదు.

మొదటిసారి ఇది చేతితో చేసినప్పుడు నేను ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఓరుగల్లు_సాంబ
ఇప్పుడే చేసి చూశా. పాక్షిక భిన్నాలతో సరిచూశా కూడా. ఇది ఇంటర్‌లో ఎందుకు చెప్పరో!

తెనాలి_మాస్టారు
పిల్లలకు రిజల్టెంట్ తెలియదు సాంబా. కానీ నేను ముప్పై ఏళ్లు చెప్పిన లెక్కకు ఇంత సూటి దారి ఉందని ఇవాళే తెలిసింది. సంతోషం పద్మ గారూ.

రూల్సే_రాజు
నేను ఒప్పుకోను. రూల్స్ ఆపెయ్ అనడం తొందరపాటు. రూబీ (Rubi) అనే ఇంటిగ్రేషన్ ప్రోగ్రాం చూశారా? ఆల్బర్ట్ రిచ్ రాసింది, పాత డిరైవ్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో ఒకరు. 6,700కు పైగా రూల్స్. 72,000కు పైగా లెక్కలతో పరీక్షిస్తారు. పెద్ద పెద్ద ప్యాకేజీలు పేజీలకొద్దీ జవాబులు కక్కే చోట అది రెండు లైన్లలో ముగిస్తుంది. విద్యార్థికి కావలసింది పుస్తకం వెనక ఉండే జవాబులాంటి జవాబు. రిష్ ఇచ్చేది చాలాసార్లు చదవలేం.

కుర్రాడి తప్పు రూల్స్ పెట్టడం కాదు. రూల్స్‌కి షరతులు పెట్టకపోవడం. ఒక లెక్కకు ఒక్క రూల్ మాత్రమే తగలాలి. అప్పుడు వరస మారినా ఏదీ పాడవదు.

లిస్ప్_లక్ష్మి
షరతుల మాట నిజం రాజు గారూ. ఎక్స్ పవర్ ఎన్ రూల్ చాలు ఉదాహరణకు. ఎన్ మైనస్ 1 అయితే లాగ్, కాకపోతే మామూలు సూత్రం. ఎన్ ఏమిటో తెలియకపోతే? పైథాన్‌లో ఉండే సింపై ప్యాకేజీ అయితే రెండు సందర్భాలూ విడివిడిగా రాసి ఇస్తుంది. మాక్సిమా అయితే చాలా చోట్ల నేరుగా మనల్నే అడుగుతుంది: ఇది ధనమా, రుణమా, సున్నానా అని. మొదటిసారి అడిగినప్పుడు ఎదురుగా మనిషి ఉన్నట్టు అనిపించింది నాకు.

కానీ 6,700 రూల్స్ ఒక మనిషి ఏళ్ల తరబడి కూర్చి సరిచేసినవి. ఒక మూడో సంవత్సరం కుర్రాడికి ఆ దారి చూపించడం న్యాయం కాదు. పైగా రూబీని సింపైలోకి తేవాలని చూశారు. పైథాన్‌లో అన్ని రూల్స్‌తో పోల్చి చూడటం మరీ నెమ్మది, చివరికి తీసేశారు.

రూల్సే_రాజు
నెమ్మది పైథాన్‌ది, రూల్స్‌ది కాదు. చెట్టులా పేర్చుకుంటే వేగంగానే నడుస్తుంది. సరే, అకరణీయ ప్రమేయాల వరకు పద్మ గారి దారే మేలు. అక్కడ వాదన లేదు.

నెల్లూరు_నివాస్
ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఇదంతా దేనికి? 2019లోనే లాంపుల్, షార్టన్ అనే ఫేస్‌బుక్ పరిశోధకులు న్యూరల్ నెట్‌వర్క్‌తో ఇంటిగ్రేషన్ చేయించారు.

డల్లాస్_పద్మ
చేయించారు, మంచి పని. ఇచ్చిన జవాబును డిఫరెన్షియేట్ చేసి సరిచూడొచ్చు కూడా. కానీ అది ‘నాకు దొరకలేదు’ అంటుంది, ‘లేదు’ అని రుజువు చేయలేదు. నాకు ఆ ‘లేదు’ కావాలి. దొరకలేదంటే ఇంకో గంట వెతకాలి. లేదంటే కంప్యూటర్ ఆపేసి సంఖ్యాత్మక పద్ధతికి వెళ్లిపోతాను.

తెనాలి_మాస్టారు
ఆ ‘లేదు’ గురించే రాత్రికి రాస్తానన్నాను.

లియోవిల్ చెప్పింది మన మాటల్లో: ఒక ప్రమేయాన్ని ఇంటిగ్రేట్ చేస్తే, జవాబు ప్రాథమిక ప్రమేయాల్లో ఉండేటట్టయితే, అందులో కొత్తగా పుట్టేవి లాగ్‌లు మాత్రమే, అవీ స్థిరాంకాలతో గుణించినవి. మిగతా అంతా లెక్కలో ముందే ఉన్న సరుకుతోనే ఉండాలి. ఎందుకంటే డిఫరెన్షియేట్ చేస్తే ఈ-పవర్ ఈ-పవర్‌గానే ఉంటుంది, మాయమైపోదు. జవాబులో కొత్త ఈ-పవర్ ఉంటే ప్రశ్నలోనూ కనబడాల్సిందే.

ఇప్పుడు ఈ-పవర్-ఎక్స్-స్క్వేర్. జవాబు ఉంటే అది ‘హెచ్’ ఇంటూ ఈ-పవర్-ఎక్స్-స్క్వేర్ రూపంలోనే ఉండాలి, హెచ్ ఒక అకరణీయ ప్రమేయం. డిఫరెన్షియేట్ చేసి ఈ-పవర్ కొట్టేస్తే: హెచ్ డెరివేటివ్ ప్లస్ 2 ఎక్స్ హెచ్ ఈక్వల్స్ 1. హెచ్ బహుపది అనుకో. 2 ఎక్స్ హెచ్ డిగ్రీ కనీసం 1, హెచ్ డెరివేటివ్ డిగ్రీ అంతకంటే తక్కువ, కాబట్టి పై పదం కొట్టుకుపోదు. కుడివైపు డిగ్రీ సున్నా. కుదరదు. హెచ్‌కు హారం ఉందనుకో. డెరివేటివ్ తీస్తే ఆ హారం ఘాతం ఒకటి పెరుగుతుంది, దాన్ని కొట్టేయడానికి ఇంకో పదం లేదు. కుదరదు. హెచ్ లేదు కాబట్టి జవాబు లేదు.

ఇంటర్ పిల్లవాడికి చెప్పగలిగే రుజువు ఇది.

కాకినాడ_కుర్రాడు
మాస్టారూ, రెండుసార్లు చదివాను. రాత్రంతా నా లాప్‌టాప్ వెతికింది లేనిదాని కోసమా!

అంటే రిష్ చేసిందీ ఇదేనా? ఆ హెచ్ సమీకరణాన్ని ప్రతిసారీ సాధించడం?

డల్లాస్_పద్మ
సరిగ్గా పట్టుకున్నావు. ఆ సమీకరణానికి ఆయన పేరే పెట్టారు. 1969, 1970 పేపర్లలో రిష్ చూపించింది: లెక్కలో ఉన్న లాగ్‌లనూ, ఈ-పవర్‌లనూ ఒకదాని మీద ఒకటి అంతస్తుల్లా పేర్చు. పై అంతస్తు నుంచి దిగుతూ రా. ప్రతి అంతస్తులో హెర్మైట్, రోత్‌స్టైన్-ట్రేగర్ మెట్లే మళ్లీ చేస్తావు, ఎక్స్ బదులు ఆ లాగ్‌నో ఈ-పవర్‌నో చలరాశిగా పెట్టుకుని. ఇప్పుడు తెలిసిందా అకరణీయ ప్రమేయాలు ముందు ఎందుకు చేయమన్నానో.

చదవాల్సింది రిష్ పేపర్ కాదు, బ్రాన్‌స్టైన్ పుస్తకం. అందులో ప్రతి మెట్టూ ప్రోగ్రాంగా రాసుకునేలా ఉంటుంది. ఆక్సియమ్ అనే ఆల్జీబ్రా ప్యాకేజీలో ఆ పని చేసింది ఆయనే. 2005లో పోయారు. రెండో భాగం రాలేదు, మూలాల కేసులు అందులో ఉండాల్సింది.

లిస్ప్_లక్ష్మి
మూలాల కేసులు అంటే వర్గమూలాలు వగైరా ఉన్న లెక్కలు. అక్కడికి ఇప్పుడే వెళ్లకు తమ్ముడూ. ఆక్సియమ్ కూడా కొన్ని చోట్ల ‘ఇంకా రాయలేదు’ అని నిజాయితీగా చెప్పి ఆగిపోతుంది. ఎంత సున్నితమో చెప్పడానికి ఒకటి: లవం ఎక్స్. హారం, ఎక్స్ పవర్ 4 ప్లస్ 10 ఎక్స్ స్క్వేర్ మైనస్ 96 ఎక్స్ మైనస్ 71కి వర్గమూలం. దీనికి లాగ్ రూపంలో జవాబు ఉంది, ఎనిమిదో డిగ్రీ బహుపదితో. ఆ 71ని 72 చేస్తే జవాబు లేదు.

ఓరుగల్లు_సాంబ
71కి ఉంది, 72కి లేదు! ఇవాళ్టికి నాకు ఇది చాలు.

విశాఖ_వెంకట్
ఒక హెచ్చరిక. ఇంటిగ్రల్ దొరికాక హద్దులు పెట్టి తీసివేసే దగ్గర జాగ్రత్త. మా ఆఫీసులో యాంటెన్నా లెక్కలు చేస్తాం. 1 బై (2 ప్లస్ కాస్ ఎక్స్) సున్నా నుంచి 2 పై వరకు కావాల్సి వచ్చింది. ఒక ప్యాకేజీలో సూత్రం తీసి, మా జూనియర్ హద్దులు పెట్టాడు. సున్నా వచ్చింది. లోపలిది ఎప్పుడూ ధనమే, సున్నా ఎలా వస్తుంది? సూత్రంలో టాన్ ఎక్స్ బై 2 ఉంది, అది పై దగ్గర తెగి మళ్లీ కింద నుంచి మొదలవుతుంది. ఆ గెంతును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నిజమైన జవాబు 2 పై బై రూట్ 3, సుమారు 3.63. ఆ సున్నా రెండు రోజులు మా రిపోర్టులో కూర్చుంది. డిఫరెన్షియేట్ చేసి చూస్తే సూత్రం సరైనదే, అందుకే పట్టుకోలేకపోయాం.

తెనాలి_మాస్టారు
ఇది పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా చూశాను. అవిచ్ఛిన్నత చూడకుండా హద్దులు పెట్టకూడదు.

కాకినాడ_కుర్రాడు
రెండు వారాల తర్వాత వస్తున్నాను. హెర్మైట్ రాశాను, రోత్‌స్టైన్-ట్రేగర్ రాశాను. 212 రూల్స్‌లో 90 తీసేశాను, వాటి అవసరమే లేదు. మధ్యలో ఒక బగ్ మూడు రోజులు టెన్షన్ పెట్టింది: సున్నాతో భాగహారం. చూస్తే హారంలో రూట్ (5 ప్లస్ 2 రూట్ 6) మైనస్ రూట్ 2 మైనస్ రూట్ 3 కూర్చుంది. చూడటానికి మూడు పదాలు, నిజానికి సున్నా.

లిస్ప్_లక్ష్మి
ఆ సమస్యకు పూర్తి మందు లేదు తమ్ముడూ. ఎక్స్, పై, లాగ్ 2, ఈ-పవర్, సైన్, మాడ్యులస్ కలిపి రాసిన దేన్నైనా సున్నా అవునో కాదో చెప్పే పద్ధతి ఉండదని రిచర్డ్‌సన్ 1968లో రుజువు చేశాడు. నీ వర్గమూలాల వరకు అయితే పద్ధతి ఉంది. ముందు నాలుగైదు యాదృచ్ఛిక విలువలు పెట్టి దశాంశాల్లో చూడు, సున్నాకు దగ్గరగా వస్తే అప్పుడు గట్టిగా తేల్చుకో.

డల్లాస్_పద్మ
దీన్ని ఇచ్చి చూడు. లవం: ఎక్స్ పవర్ 4 మైనస్ 3 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 6. హారం: ఎక్స్ పవర్ 6 మైనస్ 5 ఎక్స్ పవర్ 4 ప్లస్ 5 ఎక్స్ స్క్వేర్ ప్లస్ 4. హద్దులు 1 నుంచి 2.

కాకినాడ_కుర్రాడు
టాన్ ఇన్వర్స్ ఆఫ్ (ఎక్స్ క్యూబ్ మైనస్ 3 ఎక్స్) బై (ఎక్స్ స్క్వేర్ మైనస్ 2) వచ్చింది. హద్దులు పెడితే మైనస్ 0.32. కానీ లోపలిది ధనం కదా... వెంకట్ అన్న చెప్పిందే! రూట్ 2 దగ్గర హారం సున్నా అవుతోంది.

డల్లాస్_పద్మ
బ్రాన్‌స్టైన్ పుస్తకంలో ఉన్న లెక్కే ఇది. సంకీర్ణ లాగ్‌ల జంటను ఒకే టాన్ ఇన్వర్స్‌గా మార్చకు. రియోబూ పద్ధతిలో యూక్లిడ్ భాగహారం చేసుకుంటూ, హారంలో ఎక్స్ లేని టాన్ ఇన్వర్స్‌లుగా విడగొట్టు.

కాకినాడ_కుర్రాడు
రాత్రి రెండున్నర. మూడు టాన్ ఇన్వర్స్‌లు వచ్చాయి: సగం (ఎక్స్ పవర్ 5 మైనస్ 3 ఎక్స్ క్యూబ్ ప్లస్ ఎక్స్), ఎక్స్ క్యూబ్, ఎక్స్. హద్దులు పెడితే 2.8198. సంఖ్యాత్మకంగా సింప్సన్ సూత్రంతో కూడా అదే వచ్చింది. అమ్మ లేచి ఏమైందిరా అని అడిగింది, చూపించాను.

విశాఖ_వెంకట్
మా 1 బై (2 ప్లస్ కాస్ ఎక్స్) కూడా ఇచ్చి చూడు తమ్ముడూ. 3.63 వస్తే చెప్పు, మా జూనియర్‌కి నీ కోడు లింకు పంపుతాను.